నెగెటివ్‌ల పెట్టె

అచ్చంపేట,
2025 ఆగస్టు 10

బిడ్డా,

నిన్న తమ్మునికి రాఖీ కట్టి సాయంత్రం బస్సుకే హైదరాబాద్ పోయినవు. బస్టాండులో నిలబడి నువ్వు చెప్పిన మాటలకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయిన. చెప్పాల్సింది మనసులో ఉన్నది, కాని బస్సు కదిలింది. ఇయ్యాల ఆదివారం, స్టూడియోకు గిరాకీ తక్కువ. తీరుబడిగ కూర్చుని రాస్తున్న. ఫోన్లో ముక్కలు ముక్కలుగ చెప్పే సంగతి కాదిది.

నువ్వు అన్నది ఇది. గూగుల్‌ను ఇంట్లో నుంచి వెళ్లగొడత, ఫొటోలు, కాయితాలు, క్యాలెండరు, పాస్‌వర్డులు అన్నీ మన సొంత మిషను మీదికి తెస్త, ఆ మిషను అచ్చంపేట ఇంట్లోనే పెడత, అందరికీ ఖాతాలు తెరుస్త. మీ ఆఫీసులో పాత కంప్యూటర్లు తక్కువకు అమ్ముతుంటే ఒకటి కొన్నవు కూడ. మీ నాయన "ఈ పిల్లకు పని లేదు" అన్నడు. నేను అట్ల అనను. మంచి పని పట్టినవు. కాని ఏది ముందు, ఏది వెనుక, ఏది అసలే వద్దు అన్నది తెలియకుండ దిగితే నాలుగు నెలలకే అలసిపోయి మళ్లీ పాత చోటికే పోతవు. అందుకే ఈ ఉత్తరం.

ముందుగ నీకు ఎన్నడూ చెప్పని సంగతి ఒకటి చెప్తున్న.

1996లో ఈ స్టూడియో తెరిచిన నాటి నుంచి తీసిన నెగెటివ్‌లన్నీ వెనుక గదిలో ఇనుప ట్రంకు పెట్టెలో ఉన్నయి. ఒక్కో పెండ్లికి ఒక్కో కవరు. కవరు మీద ఊరి పేరు, ఇంటిపేరు, నెల, సంవత్సరం. రీలుకు ముప్పయ్యారు బొమ్మలు. పైసలు పెట్టి కొన్న రీలు కాబట్టి చెడిపోయిన బొమ్మను కూడ పారేసే అలవాటు లేదు. 2006లో డిజిటల్ కెమెరా కొన్న. అప్పటి నుంచి ఆ పెట్టెలో కొత్త కవరు పడలేదు.

మూడేండ్ల కింద ఒక పొద్దున బల్మూరు దిక్కు నుంచి ఒకామె వచ్చింది. పెనిమిటి పోయి వారమయింది. దినాలకు ఫొటో పెద్దది చేయించాలె. నా చేతిలో ఆధార్ కార్డు పెట్టింది. ఆ కార్డు మీది బొమ్మ తప్ప ఇంట్లో ఆయన ఫొటో ఇంకొకటి లేదట. ఫోన్లో ఉండెనట, ఫోను పగిలిపోయింది. ఆధార్ మీది బొమ్మను పెద్దది చేస్తే ముఖం రాదు, నల్లటి మరకలు వస్తయి. ఆ మాట ఆమెకు ఎట్ల చెప్పాలె? ఇంటిపేరు అడిగి పెట్టె తీసిన. 1999, మాఘమాసం, వాళ్ల పెండ్లి. కవరు దొరికింది. నెగెటివ్ స్కాన్ చేసి తెర మీద చూపిన. తలంబ్రాలు పోస్తున్న పిల్లగాడు. ఆమె చానా సేపు చూసింది. చూసి, "అన్నా, ఈయన మా పెండ్లినాటి మనిషి. మొన్నటి మనిషి లేడా?" అన్నది.

మొన్నటి మనిషి ఉండాలె. 2019లో వాళ్ల బిడ్డ పెండ్లి కూడ నేనే తీసిన. బిడ్డను అప్పగిస్తూ కండువాతో కండ్లు తుడుచుకుంటున్న ఆ తండ్రి ఫొటో నాకు ఇప్పటికీ యాదికున్నది. అది ఎక్కడున్నది? ఇంటర్నెట్‌లో ఏటేటా పైసలు కట్టి తీసుకున్న ఒక జాగాలో. అక్కడ దాచినంక, పైన ఉన్నయి కదా అని, ఇక్కడి హార్డ్ డిస్కును తుడిచి కొత్త పెండ్లిండ్లకు వాడుకున్న. ఆ ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబరుకు రీచార్జి చేయలేదు, నంబరు పోయింది. ఖాతా తెరవబోతే ఆ నంబరుకే కోడ్ పంపుత అంటది. ఆరు నెలలు ఫారాలు నింపిన. ఒక్క మనిషి గొంతు వినలేదు. నాలుగేండ్ల పెండ్లిండ్లు అందులోనే ఉండిపోయినయి.

ఆమె పెండ్లినాటి ఫొటోనే తీసుకపోయింది. ఇరవై మూడేండ్ల కిందటి ముఖానికి దండ వేసిండ్రు.

కాబట్టి బిడ్డా, మళ్లీ సంపాదించలేనిది ఏదో దాన్ని ముందు ఇంటికి తెచ్చుకో. సినిమా పోతే ఇంకో చోట దొరుకుతది. పాట దొరుకుతది. పట్టాదారు పాసుబుక్కు పోయినా తిరిగి తిరిగి నకలు తెచ్చుకోవచ్చు. మీ నాయనమ్మ బతుకమ్మ పేరుస్తున్న ఫొటోను ఏ ఆఫీసు ఇవ్వదు. నువ్వు చెప్పిన పట్టికలో మొదట మెయిల్, తరువాత క్యాలెండరు, ఆఖరున ఫొటోలు ఉన్నయి. దాన్ని తలకిందులు చెయ్యి.

మీ నాయన నిన్ను అడిగిండు కదా, గూగుల్ ఊకె ఇస్తుంటే నీకేం నొప్పి అని. ఆయనకు మార్కెట్ యార్డు లెక్కలో చెప్పు, అర్థమయితది. పల్లికాయ వేసేటప్పుడు విత్తనానికి, మందుకు సేటు అప్పు ఇస్తడు. మంచిగనే మాట్లాడుతడు, చాయ్ తాపిస్తడు. పంట వచ్చినంక ఆయన దుకాణానికే తేవాలె. తేమ ఎంతో ఆయన చెప్తడు, తరుగు ఎంతో ఆయన చెప్తడు. వేరే దుకాణానికి పోదామంటే అప్పు ఉన్నది. మీ నాయన జన్మంత ఆ ముడి చూసినోడే. గూగుల్ 2015లో ఫొటోలు ఎన్నైనా పెట్టుకోండి అన్నది. 2021 జూన్ 1 నుంచి ఆ మాట తీసేసింది, మెయిలు, ఫొటోలు అన్నీ కలిపి 15 జీబీ దాటితే పైసలు కట్టాలె. రెండేండ్లు తెరవని ఖాతాలను 2023 డిసెంబరు నుంచి తుడిచేయడం మొదలుపెడతమని ముందే చెప్పింది. ఇందులో మోసం లేదు. అంతా రాసి చెప్పిండ్రు. జాగా వాళ్లది, షరతు వాళ్లది. అప్పటికే మన పదేండ్ల ఫొటోలు అక్కడున్నయి, అదే ముడి.

పైసలు కట్టినోళ్లకు కూడ ధీమా లేదు. పోయిన నెలలోనే చూసినవు. గుజరాత్‌లో వాడినార్ రిఫైనరీ నడిపే నయారా ఎనర్జీ మీద ఐరోపా సమాఖ్య ఆంక్షలు పెట్టింది. ఆ కారణంతో మైక్రోసాఫ్ట్ వాళ్ల మెయిళ్లు, టీమ్స్ ఆపేసింది. కొనుక్కున్న లైసెన్సులే అవి. వాళ్లు ఢిల్లీ హైకోర్టుకు పోయినంక సేవలు తిరిగి వచ్చినయి. అంత పెద్ద కంపెనీకి వకీళ్లు ఉన్నరు. కోడ్ అడిగే తెర ముందు నేను ఒక్కణ్ణే కూర్చున్న.

మన తెలుగోళ్లకు కూడ ఈ దెబ్బ కొత్తది కాదు. ఒకప్పుడు తెలుగు సాహిత్యం మీద వాదులాడుకునేటోళ్లు దేశదేశాల నుంచి యాహూ గ్రూపుల్లో 'రచ్చబండ' దగ్గర చేరేటోళ్లు. ఎంత చదువు, ఎంత తగువు అక్కడ జరిగిందో! యాహూ 2019 డిసెంబరులో గ్రూపుల్లోని పాత ఉత్తరాలను తన సైటు మీద నుంచి తీసేసింది. 2020 డిసెంబరు 15న గ్రూపులనే మూసేసింది. అంతకు ముందే 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ పోయింది, మీ అన్నలు అక్కలు రాసుకున్నదంత దానితో పోయింది. అదే, 1998లో మొదలై సొంత సైటు మీద నిలిచిన 'ఈమాట' పత్రిక పాత సంచికలు ఇయ్యాల కూడ చదువుకోవచ్చు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను మొత్తం దించుకుని ఎవరైనా తమ దగ్గర పెట్టుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఎవరి జాగాలో ఉన్నది, ఎంతమంది దగ్గర నకలు ఉన్నది, ఈ రెండింటిని బట్టే ఏది మిగిలిందో తేలింది.

ఈ దారిన నువ్వే మొదట నడుస్తున్నవని అనుకోకు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అని మొదలుపెట్టిన పని, లినస్ టోర్వాల్డ్స్ 1991లో వదిలిన లినక్స్, వీటి మీదనే నీ మిషను నిలబడతది. హైదరాబాద్‌లో 'స్వేచ్ఛ' అనే సంస్థ 2005 నుంచి ఈ పని చేస్తున్నది. తెలుగు అక్షరాలతో నడిచే లినక్స్ తయారుచేసిండ్రు, ఇంజనీరింగ్ కాలేజీల్లో పిల్లల గుంపులు కట్టిండ్రు. వాళ్ల కాలేజీ గుంపులో ఒక పిల్లగాడు సెలవులకు వచ్చి నాకు సీడీ ఇచ్చి పోయిండు. మెనూలో 'దస్త్రం' అన్న మాట చూసి ఆనాడు నాకు ఎంత సంతోషమయిందో నీకు తెలియదు. పక్కన కేరళలో సర్కారు బడి పిల్లలు లినక్స్ మీదనే కంప్యూటర్ నేర్చుకుంటరు, అక్కడ ఏండ్ల నుంచి అదే నడుస్తున్నది. అది ఒక్కరిద్దరి పట్టుదలతో కాలేదు. టీచర్లకు తరిఫీదు ఇచ్చిండ్రు, చెడిపోతే బాగుచేసేటోళ్లను పెట్టిండ్రు. అందుకే నిలిచింది. నువ్వు గచ్చిబౌలి దిక్కే ఉంటవు కదా, ఒక ఆదివారం స్వేచ్ఛ వాళ్ల దగ్గరికి పో. ఒక్కదానివే గదిలో కూర్చుని వీడియోలు చూసి నేర్చుకునే దానికన్న అక్కడ నలుగురితో కూర్చుంటే తొందరగ వస్తది.

ఇగ మిషను సంగతి. డెబియన్ లినక్స్ పెడత అన్నవు, మంచిది. ఫొటోలకు ఇమ్మిచ్, కాయితాలకు నెక్స్ట్‌క్లౌడ్ సరిపోతయి. పాస్‌వర్డులకు కీపాస్ చాలు, అది ఒకే ఒక ఫైలు, పెన్‌డ్రైవ్‌లో కూడ పడతది. ఇమ్మిచ్ మంచి పనితనం. ముఖాలు గుర్తుపట్టి మీ నాయనమ్మ ఫొటోలన్నీ ఒక్క చోటికి తెస్తది, ఆ పని మన మిషను మీదనే చేస్తది, బయటికి ఏదీ పంపదు. కాని ఫొటోలకు దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు అని చేసినోళ్లే రాసి పెట్టిండ్రు. ఆ మాట నమ్ము.

గూగుల్ నుంచి ఫొటోలు దించుకునేటప్పుడు ఒకటి చూసుకో. టేక్‌అవుట్‌లో ఫొటో ఒక ఫైలుగ వస్తది, అది ఏ తేదీదో చెప్పే చీటీ పక్కన ఇంకో ఫైలుగ వస్తది. రెండింటినీ కలిపే పనిముట్టు వాడకుండ ఎక్కిస్తే, తమ ఫైలులోనే తేదీ లేని ఫొటోలన్నీ ఒకే రోజు తీసినట్టు పడతయి. తేదీ లేని ఫొటోల కుప్పలో వెతకడం ఎంత నరకమో నా వృత్తి కాబట్టి చెప్తున్న. నా ట్రంకు పెట్టెలో కవరు దొరికింది దాని మీద ఊరు, సంవత్సరం రాసిపెట్టినందుకే.

మన ఇంటి కనెక్షన్‌కు బయట నుంచి పిలవదగ్గ సొంత అడ్రసు దొరకదు, ఒకే అడ్రసును కంపెనీ ఎంతోమందికి పంచుతది. కాబట్టి నువ్వు హైదరాబాద్ నుంచి మిషనును పిలవాలంటే వైర్‌గార్డ్ లాంటి సొరంగం కావాలె, దానికి కూడ ఒక కొసన బయటి అడ్రసు ఉండాలె. టెయిల్‌స్కేల్ సులువు, అది కూడ ఒక కంపెనీయే, తెలిసి వాడు. మిషను తలుపును లోకానికి తెరిచి పెట్టకు. ఇంటివాళ్లకు తప్ప ఎవరికీ కనబడాల్సిన పని లేదు. ఇన్వర్టరు మీద పెట్టు. ఎండకాలం ఆఖరున ఉరుములు మొదలైనయంటే లైను తీసెయ్యమని తమ్మునికి చెప్పు. పోయినేడు పిడుగుకు నా స్టూడియోలో రెండు రూటర్లు కాలినయి.

మెయిల్ జోలికి మాత్రం పోకు. సొంతంగ మెయిల్ సర్వరు నడిపితే, నువ్వు పంపిన ఉత్తరం అవతల స్పాములో పడతది, పడిందని కూడ నీకు తెలియదు. నౌకరి, పీఎఫ్, బ్యాంకు అన్నీ ఆ అడ్రసు మీదనే ఉన్నయి. దానికి బదులు సొంత పేరు మీద ఒక డొమైన్ కొను, దానికి పెద్ద ఖర్చేమీ కాదు. మెయిల్ ఎవరో ఒక మంచి కంపెనీ దగ్గర పైసలు కట్టి పెట్టు. రేపు ఆ కంపెనీ నచ్చకపోతే ఇంకొకరి దగ్గరికి పోవచ్చు, అడ్రసు మాత్రం నీదే. బ్యాంకుల్లో, ఆఫీసుల్లో అడ్రసు మార్చే పని ఏడాది పడతది, పట్టనీ.

వాట్సాప్ కూడ అంతే. ఊరంత దాంట్లోనే ఉన్నది, నువ్వు వెళ్లిపోతే నష్టం నీదే. 2016 నుంచి అందులో రాసిన మాటలు దారిలో ఎవరూ చదవలేరు, అది నిజం. ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడిండ్రో ఆ లెక్క మెటాకు తెలుస్తది, అదీ నిజమే. 2021 నాటి వాట్సాప్ షరతుల మీద మన కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో మెటాకు 213.14 కోట్ల జరిమానా వేసింది, వాళ్లు అప్పీలుకు పోయిండ్రు. ఇంటివాళ్లం మనం ఆరుగురం సిగ్నల్ యాప్‌లో మాట్లాడుకుందాం. ఊరివాళ్లను మార్చే పని నీ నెత్తిన వేసుకోకు. మీ మేనత్తకు ఒక యాప్‌లో ఫోను ఎత్తడం నేర్పడానికి ఎన్ని రోజులు పట్టిందో యాదికి తెచ్చుకో. ఆమె నేర్చుకున్నది మనవరాలి ముఖం చూడడానికి. ఆ చూపును మన సిద్ధాంతం కోసం ఆపొద్దు.

పటాలకు మాత్రం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పెట్టుకో, ముందే దించుకుంటే సిగ్నల్ లేకున్నా పనిచేస్తది. మన్ననూరు చెక్‌పోస్టు దాటినంక అడవిలో ఫోను పలకని జాగాలు ఎన్నో. ఆ పటంలో ఎవరైనా దారులు, ఊర్లు ఎక్కించవచ్చు. పోయినసారి నువ్వు లింగాల దిక్కు అడవిలో చెంచుల చిన్న పల్లెలు, ఆ పెంటలన్నీ ఎక్కిస్త అన్నవు. ఎక్కించే ముందు ఆ పెంటల మనుషులను అడుగు. అంబులెన్సుకు దారి తెలుస్తది, మంచిదే. సలేశ్వరం జాతర రోజుల్లో మోటరు సైకిళ్ల గుంపులకు కూడ తెలుస్తది. తమ ఇంటి దారి లోకానికి చెప్పాలా వద్దా అన్నది వాళ్ల మాట, నీది కాదు, నాది కాదు.

అసలు చెప్పాల్సిన దగ్గరికి ఇప్పుడు వచ్చిన.

గోప్యత మన హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు ఒక్క మాట మీద 2017 ఆగస్టు 24న చెప్పిండ్రు. ఆ కేసు వేసింది కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి పుట్టస్వామి. ఆ ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి పంపిన ముగ్గురిలో పెద్ద, తరువాత తొమ్మండుగురిలో ఒకరు మన కృష్ణా జిల్లా జాస్తి చలమేశ్వర్. ఆధార్ మీద కోర్టుకు పోయినోళ్లలో శాంతా సిన్హా ఉన్నరు, పిల్లలను పనిలో నుంచి బడికి తెచ్చిన ఎంవీ ఫౌండేషన్ ఆమెదే. ఇవన్నీ నువ్వు చదివే ఉంటవు. చదివినవాళ్లు ఎక్కువగ చూసేది పైకి, సర్కారు వైపు, కంపెనీ వైపు. నేను మా దుకాణం వైపు చూపిస్త.

నా స్టూడియోలో జెరాక్స్ మిషను కూడ ఉన్నది కదా. రోజుకు ఎంతోమంది ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, కులం సర్టిఫికెట్ నా వాట్సాప్‌కు పంపి ప్రింటు తీసుకపోతరు. పంపినోళ్లు పోతరు, కాయితాలు నా ఫోన్లో ఉంటయి. ఒకనాడు లెక్క చూస్తే వేల మంది ఆధార్ కార్డులు నా జేబులో తిరుగుతున్నయి. ఆ ఫోను బస్సులో పోతే? పాస్‌పోర్టు ఫొటోకు వచ్చిన ఆడపిల్లల బొమ్మలు కంప్యూటర్‌లో ఏండ్ల తరబడి ఉన్నయి. ఎవరూ అడగలేదు, నేనూ అనుకోలేదు. వాళ్ల లెక్కలో పెద్ద కంపెనీ ఎక్కడో అమెరికాలో లేదు, అచ్చంపేట బస్టాండు దగ్గర నేనే. అప్పటి నుంచి ప్రింటు ఇచ్చిన సాయంత్రమే తుడిచేస్తున్న. పెండ్లి ఫొటోలు దాచిపెడుతున్న, కాయితాలు దాచను. ఏది దాచాలె, ఏది తుడవాలె అన్నది తెలిసేవరకు నాకు యాభై ఏండ్లు వచ్చినయి. నువ్వు ఇరవై నాలుగుకే తెలుసుకో.

నువ్వు ఆ మిషను ఇంట్లో పెట్టిన రోజు నుంచి మా అందరికీ కంపెనీవి నువ్వే. ఇమ్మిచ్ అయినా, నెక్స్ట్‌క్లౌడ్ అయినా, మిషను నడిపేటోళ్లు కావాలనుకుంటే డిస్కు మీది ఫొటోలు తెరిచి చూడగలరు. గూగుల్‌లో పనిచేసే మనిషికి మీ వదిన ఎవరో తెలియదు. నీకు తెలుసు, తమ్మునికి తెలుసు, నాకు తెలుసు. దవాఖాన రిపోర్టు, పుట్టింటికి రాసుకున్న మాట, స్నేహితురాళ్లతో దిగిన ఫొటో, ఇవి లోకానికన్న ఇంట్లోవాళ్లకు కనబడితేనే ఆడపిల్లకు ఎక్కువ కష్టం. మన ఇండ్లల్లో ఇది ఎట్ల నడుస్తదో నీకు నేను చెప్పనవసరం లేదు. కాబట్టి ఒక్కొక్కరికి వేరే ఖాతా, వేరే పాస్‌వర్డు. పెండ్లిండ్లు, పండుగలు, పిల్లలు, వీటికి అందరిదీ ఒక ఉమ్మడి ఆల్బం. మిగిలింది ఎవరిది వాళ్లది. మీ అమ్మ ఫోను నుంచి ఆమెను అడగకుండ ఒక్క ఫొటో కూడ ఎక్కించకు. "అమ్మకేం తెలుసు" అనకు. ఏది ఎక్కించాలో ఆమెకే తెలుసు. నీ సొంత సంగతులు, మేము చూడొద్దు అనుకున్నవి, తాళం వేసిన ఫైలుగ చేసి దాని తాళంచెవి నీ దగ్గరే పెట్టుకో. తమ్మునికి ఇవ్వకు, నాకు కూడ ఇవ్వకు. ఇది నా మీద అనుమానమని నేను అనుకోను.

అట్లని అన్నీ నీ ఒక్కదాని చేతిలోనే ఉంటే ఇంకో ప్రమాదం. మా చిన్నప్పుడు చెరువు తూము ఎత్తేది నీరడి. ఏ కాలువకు ఎంత విప్పాలె, గండి ఎక్కడ పడతది, అన్నీ ఆయన తలలోనే ఉండేవి. ఆయన మంచం పట్టిన ఏడాది ఆయకట్టు సగం ఎండింది, చెరువు నిండుగనే ఉన్నది. రేపు నీకు పెండ్లి అయితది, బెంగళూరుకో అమెరికాకో పోతవు. మిషను ఇక్కడ గుయ్యిమంటూనే ఉంటది, లోపల ఏమున్నదో తెరిచేవాళ్లు ఉండరు. నా ఖాతా మూతపడ్డట్టే ఇదీ మూతపడతది. అప్పుడు తప్పు కంపెనీది కూడ కాదు.

అందుకని ఒక నోటుబుక్కు కొను. తెలుగులో రాయి. మిషను ఎట్ల మొదలుపెట్టాలె, ఎట్ల ఆపాలె, ఉమ్మడి ఆల్బం ఎక్కడున్నది, డిస్కు చెడిపోతే నకలు ఎక్కడ నుంచి తీయాలె. పాస్‌వర్డు కాయితం కవరులో పెట్టి అతికించి మీ అమ్మ బీరువాలో పెట్టు. ఆ పుస్తకం చూసి తమ్ముడు ఒక్కడే, నీకు ఫోను చేయకుండ, మిషను తెరవగలగాలె. వాడు తెరిచిన రోజే పని అయినట్టు లెక్క.

నకళ్లు మూడు. ఒకటి మిషనులో, రెండోది ఇంట్లోనే వేరే డిస్కులో, మూడోది ఇల్లు దాటి. ఇల్లు కాలినా, దొంగ పడినా, ఆ మూడోది మిగలాలె. మూడు నెలలకొకసారి నకలు తీసుడు సరిపోదు, తీసిన నకలు నుంచి పది ఫొటోలు వెనక్కు తెచ్చి చూడు. నేను నకలు ఉన్నదనుకున్న, తెరిచి చూడలేదు. ఇవన్నీ కుదిరినంక కూడ ఒక ఏడాది దాక గూగుల్‌లోవి తుడవకు.

దసరాకు వస్తవు కదా. వచ్చేటప్పుడు మిషనుతో పాటు రెండు హార్డ్ డిస్కులు పట్టుకరా, పైసలు నేనిస్త. మొదటి రోజు ఏమీ బిగించకు. మీ అమ్మ పక్కన కూర్చుని ఆమె ఫోన్లో ఏ ఫొటోలు ఉంచాలో అడుగు, మీ నాయనమ్మ ఫొటోల కింద ఎవరు ఎవరో ఆమెతో చెప్పించుకుని రాయి. ఆ పేర్లు ఇప్పుడు మీ అమ్మకు, నాకు తప్ప ఎవరికీ తెలియవు. రెండో హార్డ్ డిస్కు నా దగ్గర ఉంటది. ట్రంకు పెట్టెలో నెగెటివ్‌ల పక్కన దానికి జాగా చేసి పెట్టిన.

మీ చిన్నాయన